రాజుగారి పేరు, గుమాస్తా పని

హైదరాబాదులో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ అని ఒక కూడలి ఉంది. మెట్రో స్టేషన్‌కూ అదే పేరు. అక్కడ అడ్డకర్ర లేదు, లారీ ఆపి కాగితాలు అడిగేవాళ్లూ లేరు. ఎవరూ ఆపకపోయినా సాయంత్రం ఆరింటికి బళ్లన్నీ వాటంతట అవే ఆగిపోయి ఉంటాయి కాబట్టి, పేరుకు పెద్దగా అన్యాయం జరగలేదనే అనుకోవాలి. ‘చెక్‌పోస్టుకు వస్తావా’ అని ఆటో అతన్ని అడిగి చూడండి, ఏ చెక్‌పోస్టు అని ఎదురు ప్రశ్న వేయడు.

ఈ ‘చెక్’ ఇంగ్లిషు మాట అన్న సంగతే మనం ఎప్పుడో మరిచిపోయాం. ఆర్టీసీ బస్సులోకి చెకింగ్ వాళ్లు ఎక్కుతారు. బోరు మోటారుకు చెక్ వాల్వు బిగిస్తారు. వాగుకు అడ్డంగా చెక్‌డ్యాం కడతారు. సభ మొదలయ్యే ముందు ఒకడు మైకు దగ్గర నిలబడి ‘చెక్... చెక్... హలో’ అంటాడు. గళ్ల చొక్కా చెక్స్ చొక్కా అయింది. బ్యాంకువాళ్లు ఇచ్చేది చెక్కుబుక్కు. ఊరికి బయల్దేరాక గ్యాస్ కట్టేశామో లేదో ఒకసారి చెక్ చేయమని పక్కింటివాళ్లకు ఫోను చేస్తాం. ఆపడం, చూడడం, గళ్లు, డబ్బు. పైకి చూస్తే వీటి మధ్య ఏ చుట్టరికమూ కనబడదు. వేర్వేరు మాటలు అరిగిపోయి ఒకే చప్పుడులో కలిశాయేమో అనిపిస్తుంది. ఇంగ్లిషులో అలాంటివి ఉన్నాయి కూడా. గబ్బిలాన్నీ క్రికెట్ బ్యాటునూ ఒకే మాటతో పిలుస్తారు గానీ, ఆ రెండూ వేర్వేరు పుట్టుకలు.

చెక్ అలా కాదు. ఇన్ని అర్థాలకూ మూలపురుషుడు ఒక్కడే. ఆయన పర్షియా రాజు.

చదరంగం మన దేశం నుంచి ఆరో శతాబ్దం ప్రాంతంలో పర్షియాకు వెళ్లింది. చతురంగం అక్కడ చత్రంగ్ అయింది, అరబ్బుల నోట షత్రంజ్ అయింది. ఎదుటివాడి రాజు ప్రమాదంలో పడితే ‘షా!’ అని హెచ్చరించేవారు. అంటే ‘రాజు!’ అని. తప్పించుకునే దారి లేకపోతే ‘షా మాత్’. మాత్ అంటే అరబ్బీలో చచ్చాడని అర్థమని కొందరంటారు, పర్షియన్‌లో దిక్కుతోచక నిలిచిపోయాడని మరికొందరంటారు. నాకు రెండోదే సబబనిపిస్తుంది. చదరంగంలో రాజును ఎవరూ చంపరు. ఏనుగులు పోతాయి, గుర్రాలు పోతాయి, బంట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. రాజు మాత్రం కదలడానికి గడి లేక నిలబడిపోతాడు, ఆట అక్కడితో సరి.

అరబ్బుల వెంట ఆట ఐరోపా చేరింది. షా లాటిన్‌లో స్కాకస్ అయి, పాత ఫ్రెంచిలో ఎషెక్ అయి, ఇంగ్లిషుకు వచ్చేసరికి మొదటి అచ్చు రాలిపోయి చెక్ అయింది. ఆ ఫ్రెంచి మాట బహువచనమే మరో దారిన అరిగి చెస్ అయింది. మూలానికి పోతే ఆట పేరుకు అర్థం ‘రాజులు’. మన చతురంగంలోని నాలుగు అంగాల్లో ఒక్కటీ ఆ పేరులో మిగల్లేదు, కొనవరకూ వెళ్లింది రాజే.

ఈ షా మనకు మరీ పరాయివాడు కాదు. ప్రాచీన పర్షియన్‌లో రాజును క్షాయథియ అనేవారు. డరయస్ చక్రవర్తి బెహిస్తూన్ కొండ మీద చెక్కించిన శాసనంలో ఆ మాట ఉంది. అదే అరిగి అరిగి షా అయింది. మన క్షత్రం, క్షత్రియుడు ఏ ధాతువు నుంచి వచ్చాయో దానికీ అదే మూలం. గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించిన నహపానుడి బిరుదు క్షత్రపుడు, అదీ ఈ కుటుంబంలోదే. ఈ లెక్కన ‘రాజుకు చెక్’ అన్నామంటే రాజును రెండుసార్లు పిలిచామన్నమాట, నడిమధ్య అన్నట్టు.

రాజుకు చెక్ పడితే మిగతా ఎత్తులన్నీ పక్కన పెట్టి ముందు ఆయన సంగతి చూడాలి. అందుకే ఇంగ్లిషులో చెక్‌కు ఉన్నట్టుండి ఆగడం, ఆపడం, మందలించడం అన్న అర్థాలు వచ్చాయి. చెక్‌పోస్టూ చెక్‌డ్యామూ ఈ కొమ్మకు కాసినవే. ఇందులో పెద్ద విశేషం లేదు. గళ్లకూ డబ్బుకూ ఎలా ముడిపడిందన్నదే అసలు కథ.

చదరంగం బల్లను పాత ఫ్రెంచిలో ఎషెకియే అనేవారు. 12వ శతాబ్దం ఇంగ్లండులో, మొదటి హెన్రీ కాలం నుంచి, రాజుగారి రాబడి లెక్కలు తేల్చే కొలువులో ఒక పెద్ద బల్ల ఉండేది. పది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, పెట్టిన బిళ్లలు జారిపోకుండా చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తున అంచు. దాని మీద పరిచిన నల్లగుడ్డ మీద గీతలు. కోశాధికారిగా పనిచేసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్ ఈ వివరాలన్నీ గురుశిష్య సంవాదంగా రాసిపెట్టాడు. ఈ కొలువుకు ఎక్స్‌చెకర్ అన్న పేరు ఎందుకొచ్చిందని శిష్యుడి సందేహం. బల్ల చదరంగం బల్లలా ఉంటుంది, పైగా దాని మీద యుద్ధం జరుగుతుంది అని గురువు జవాబు. యుద్ధం కోశాధికారికీ, జిల్లా నుంచి శిస్తు తెచ్చిన షెరిఫ్‌కూ మధ్య. మన జమాబందీలో పైఅధికారి ముందు కరణం దస్త్రాలు విప్పుకుని కూర్చున్నట్టే. ఏటా రెండు విడతలు, ఈస్టరుకొకసారి, సెప్టెంబరు చివర మైకెల్మస్ పండక్కొకసారి, షెరిఫ్‌లు ఈ బల్ల ముందుకు రావాలి.

ఆ గళ్లు సోకు కోసం వేసినవి కావు. అప్పటికి వాళ్లవి రోమన్ అంకెలు. సున్నా లేదు, స్థానాన్ని బట్టి విలువ మారడం లేదు. ఆ అంకెలతో కాగితం మీద కూడిక చేయడమే కష్టం, గుణకారం జోలికి పోనే అక్కర్లేదు. అందుకని పెన్నీలకో వరస, షిల్లింగులకో వరస, పౌన్లకో వరస, ఆపైన ఇరవైలకూ వందలకూ వేలకూ వరసలు పెట్టుకుని బిళ్లలు పేర్చేవారు. రావలసింది ఒక పక్క, వచ్చింది ఒక పక్క. అక్షరం ముక్క రాని షెరిఫ్‌కు కూడా తానెంత బాకీ పడ్డాడో కంటికి కనబడిపోతుంది. ఐరోపాకు చదరంగమూ సున్నా రెండూ మన దేశం నుంచే వెళ్లాయి. సున్నా వాడుకలోకి రావడం ఆలస్యం కాబట్టి వాళ్లు చదరంగం బల్ల మీద లెక్కలు చూసుకోవలసి వచ్చింది. బ్రిటన్ ఆర్థిక మంత్రిని ఇప్పటికీ ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అంటారు. బల్ల పోయింది, గుడ్డ పోయింది, పదవి మాత్రం ఆ గళ్ల మీదే కూర్చుని ఉంది.

కట్టిన సొమ్ముకు రసీదు కాగితం మీద ఇచ్చేవారు కాదు. హేజెల్ కర్ర మీద మొత్తాన్ని బట్టి గాట్లు పెట్టి, నిలువునా చీల్చి, ఇరుపక్షాలూ చెరో ముక్క ఉంచుకునేవారు. ఎవడైనా తన ముక్క మీద అదనంగా ఒక గాటు పెట్టుకున్నాడో, రెండో ముక్కతో కలపగానే దొరికిపోతాడు. చెక్కుకు పూర్వీకురాలు చెక్క అంటే మాటల గారడీ అనుకునేరు, అక్షరాలా చెక్కే. ఈ పద్ధతి 1826 దాకా నడిచింది. ఇంకేం పనికొస్తాయని, 1834 అక్టోబరు 16న ఆ పాత కర్రముక్కలను ప్రభువుల సభ కింద ఉన్న పొయ్యిల్లో వేసి కాల్చారు. వేడికి పొగగొట్టాల దగ్గర నిప్పంటుకుంది. రాత్రికల్లా పార్లమెంటు భవనం చాలావరకు బూడిదైంది. ఇప్పుడు మనం ఫోటోల్లో చూసే భవనం ఆ తరవాత కట్టుకున్నది. పాత దస్త్రాలను నిప్పుకు అప్పగిద్దామనే ఆలోచన ఉన్న కార్యాలయాలవారు ఈ ముచ్చట ఒకసారి చదువుకోవాలి.

కాగితం చెక్కుకు ఆ పేరు 18వ శతాబ్దంలో వచ్చింది. మొదట్లో చెక్ అంటే అవతలివాడికి ఇచ్చిన కాగితం కాదు, మన దగ్గర ఉంచుకున్న ముక్క. ఇప్పుడు కౌంటర్‌ఫాయిల్ అంటున్నది అదే. మోసాన్ని ఆపుతుంది, సరిపోల్చుకోవడానికి పనికొస్తుంది కాబట్టి చెక్. రాను రాను ఆ పేరు కాగితం మొత్తానికీ అంటుకుంది. ఎక్స్‌చెకర్‌ను తలుచుకుని బ్రిటిషువాళ్లు స్పెల్లింగు చివర క్యూ, యూ, ఈ తగిలించారు. అమెరికావాళ్లు పాత స్పెల్లింగుతోనే సరిపెట్టుకున్నారు.

ఆ చెక్కు తెలుగు దేశంలో దిగేసరికి ఇంట్లో అప్పటికే ఇంకో చెక్కు ఉంది. మామిడికాయ చెక్కు తీస్తాం. శిల్పి రాతిని చెక్కుతాడు. వందేళ్ల మేడ చెక్కు చెదరలేదంటాం. చెప్పకుండా జారుకున్నవాడు చెక్కేశాడంటాం. ఈ మాటలకూ బ్యాంకు చెక్కుకూ నెత్తురు సంబంధం లేదు గానీ, చెక్కిచ్చి చెక్కేసేవాళ్ల కోసం మన పార్లమెంటు చట్టాన్నే సవరించవలసి వచ్చింది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138వ సెక్షన్ 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే, బ్యాంకు ఆ కబురు చెప్పిన 30 రోజుల్లోగా నోటీసివ్వాలి. నోటీసు అందుకున్నవాడు 15 రోజుల్లో కట్టకపోతే కేసు. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా. రాజ్యాంగంలో ఒక్క అధికరణం తెలియని ఫైనాన్స్ వ్యాపారికి కూడా ఈ సెక్షన్ కంఠతా వచ్చు. అప్పిచ్చేటప్పుడే ప్రాంసరీ నోటుతోపాటు సంతకం చేసిన ఖాళీ చెక్కులు తీసుకుని బీరువాలో పెట్టుకుంటాడు. బాకీదారుడి రాజు మొదటి ఎత్తుకు ముందే చెక్‌లో ఉంటాడు.

ఇక ప్రభుత్వాల చేతిలో చెక్కుకు వచ్చిన వైభవం వేరు. తెలంగాణలో రైతుబంధు 2018 మేలో మొదలైనప్పుడు ఎకరాకు 4,000 రూపాయల లెక్కన ఊరూరా చెక్కులు పంచారు. కల్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయల చెక్కు పట్టుకుని ఎమ్మెల్యే పక్కన నిలబడ్డ తల్లుల ఫోటో లేని జిల్లా పేజీ అరుదు. డబ్బు నేరుగా ఖాతాలో పడితే ఫోటో రాదు. అందుకే ఆన్‌లైన్ యుగంలోనూ గుమ్మమంత అట్టచెక్కు తయారుచేయించి వేదిక మీద నలుగురు పట్టుకుంటున్నారు.

గళ్ల గుడ్డను చెక్స్ అనడం కూడా చదరంగం బల్ల నుంచి వచ్చిందే. ఆ పేరుతో మనం తొడుక్కుంటున్నాం గానీ, గళ్లు నేయడం మనకు ఒకరు నేర్పింది కాదు. చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన గళ్ల రుమాళ్లు ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ పేరుతో ఓడలెక్కి పశ్చిమాఫ్రికాకు వెళ్లేవి. నైజర్ డెల్టాలోని కలబరి జనం ఆ బట్టను ఇంజిరి అంటారు. వేడుకలకూ చావు కర్మలకూ అది ఉండాలి. అక్కడక్కడా పోగులు కోసి లాగేసి ఆ గళ్లలోనే కొత్త నమూనాలు తీస్తారు. నేసింది చీరాలలో, పేరు మద్రాసుకు, మోజు నైజీరియాలో.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ మాటతో ఇంకో తిప్పలు. హోటల్లో తిన్నాక వచ్చే బిల్లు కూడా చెక్కే, ఫారంలో కొట్టే టిక్కూ చెక్కే, మామూలు బ్యాంకు ఖాతా చెకింగ్ అకౌంట్. ఇక్కణ్నుంచి వెళ్లే తల్లిదండ్రులకు చెక్-ఇన్ సామానే ప్రాణం. 23 కిలోల పెట్టెలో ఆవకాయ ఎంత, అప్పడాలెంత అని ఇంట్లో తూకం వేసి, తీసి, పెట్టి, మళ్లీ తూచి చేసే కసరత్తు ముందు ఫిట్జ్‌నీల్ బల్ల ఏపాటిది?

ఇంతా చేసి, ఈ మాట వినబడని చోటు ఒకటుంది. పెద్ద టోర్నమెంట్లలో ఎవరూ నోరు తెరిచి ‘చెక్’ అనరు. కోనేరు హంపి అయినా, వరంగల్ అర్జున్ ఇరిగేశి అయినా ఎత్తు వేసి గడియారం నొక్కి ఊరుకుంటారు. కళ్లున్నవాడు చూసుకోవాలి.

ఆ లోటును మన పత్రికలు తీరుస్తున్నాయి. ‘చుండ్రుకు చెక్’, ‘అసమ్మతికి చెక్’, ‘కాకరకాయతో మధుమేహానికి చెక్’. ఇంగ్లిషువాళ్లు గుమాస్తా పనికి పెట్టిన రాజును మళ్లీ యుద్ధంలోకి దింపిన ఘనత తెలుగు ఉపసంపాదకులదే, ఒప్పుకోవాలి. నా ఫిర్యాదల్లా ఒకటే. చెక్ అంటే ఆట ముగిసినట్టు కాదు. రాజు పక్క గడిలోకి జరగవచ్చు, మధ్యలో ఒక బంటును అడ్డం పెట్టవచ్చు, చెక్ చెప్పిన కాయనే కొట్టేయవచ్చు. చెక్‌డ్యాం కట్టే ఇంజినీర్లకు ఈ సంగతి తెలుసు. వాళ్లది వాగును చంపే కట్ట కాదు, నీటిని కాసేపు నిలబెట్టి భూమిలోకి ఇంకించి మిగిలింది పోనిచ్చే కట్ట. శీర్షిక రాసేవారికి మాత్రం చెక్ అంటే సర్వనాశనం. కాకరకాయ తిన్న మధుమేహం పక్క గడిలోకి జరిగి కూర్చుంటుంది, ఆట సాగుతూనే ఉంటుంది. కాబట్టి అయ్యా, అమ్మా, ఆ శీర్షిక చదివి మాత్రలు ఆపకండి. డాక్టరు చెప్పిన గడువుకు చెకప్‌కు వెళ్లండి.