గణపసముద్రంలో తెరచాప పడవ

పిల్లలూ! మా జనగామ నుంచి సముద్రం ఏ దిక్కుకు పోయినా రెండువందల కిలోమీటర్ల పైమాటే. అయినా చెరువులకు పేర్లు పెట్టేటప్పుడు మన పెద్దలు పిసినారితనం చూపలేదు. భూపాలపల్లి జిల్లా ఘనపురంలో కాకతి గణపతిదేవుడి పేర వెలసిన చెరువును గణపసముద్రం అన్నారు! మొన్న దసరా సెలవుల్లో మనుమణ్ణీ మనుమరాలినీ వెంటబెట్టుకుని, ఆ ‘సముద్రం’లో వదలడానికి ఒక పడవను తీసుకుపోయాను. జానెడు పొడుగు పడవ. దాని వెనుక నా పాత బాకీ ఒకటి ఉన్నది. ముందు అది చెబుతాను.

నేను మహబూబాబాదులో పనిచేసే రోజుల్లో ఏడవ తరగతి పిల్ల ఒకతె లేచి, “సార్, గాలి ఎదురొస్తే తెరచాప పడవ ఎట్ల పోతది?” అని అడిగింది. నేను తడుముకోకుండా, “పోదు. తెరచాప దింపి తెడ్లు వేసుకోవాలి,” అన్నాను. ఆ పిల్ల కూర్చున్నది. నేను చెప్పినది తప్పు. తప్పని తెలిసేసరికి ఆ పిల్ల బడి దాటిపోయి ఏళ్లయింది.

నా కళ్లు తెరిపించింది తారిణి. అది మన నౌకాదళం వారి తెరచాప పడవ, గోవాలో కట్టారు. పొడుగు సుమారు 56 అడుగులు, తెరచాప స్తంభం ఎత్తు 25 మీటర్లు. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులు అందులో గోవా నుంచి బయలుదేరారు. నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్లే: విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. (హైదరాబాదుకు మాత్రం సముద్రం ఎక్కడున్నది!) 254 రోజులకు, 2018 మే 21న, భూగోళాన్ని చుట్టి గోవాకే తిరిగివచ్చారు. సుమారు 40,000 కిలోమీటర్లు! అంత దూరంలో గాలి ఎదురు రాకుండా ఉంటుందా? అంత పడవకు తెడ్లు వేయడం ఎవరి తరం?

రైలులో మనుమరాలు అడిగింది: “తాతయ్యా, ఫైబర్‌గ్లాసు అంటే గాజే గదా, పగలదా?” మంచి ప్రశ్న. గాజును కరిగించి వెంట్రుకకన్నా సన్నని పోగులుగా లాగి, బట్టలాగా నేస్తారు. ఆ బట్టను అచ్చులో పొరమీద పొర పరచి, రెజిన్ అనే జిగురు పట్టిస్తారు. జిగురు గట్టిపడుతుంది. మట్టిగోడకు మట్టిలో గడ్డి వేసి తొక్కడం మీరు చూసే ఉంటారు. ఉత్త మట్టి బీటలు వారుతుంది; గడ్డి పట్టి ఉంచుతుంది. ఇక్కడ గడ్డిపని గాజుపోగులది. ఇనుములాగా తుప్పు పట్టదు, చెక్కలాగా పురుగు తొలవదు. తారిణికైతే మధ్యన చెక్క, దానికి రెండు ప్రక్కలా ఈ గాజుబట్ట.

మహబూబాబాదులో దిగి బస్సులో బయ్యారం పోయాము. అక్కడి చెరువుగట్టున గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ శాసనం దొరికింది. ఆ చెరువులో పడవను వదిలాము. పొణికి చెక్కతో నేను చెక్కినదే, తెరచాప నా పాత ధోవతి పీలిక. గాలి ఒక్క విసురు విసిరిందో లేదో, పడవ ప్రక్కకు ఒరిగి బోర్లా పడింది. మనుమడు నవ్వాడు. నేనూ నవ్వాను గాని, లోపల చిన్నబుచ్చుకున్నాను సుమా!

దానికి కీల్ లేదు. కీల్ అంటే పడవ అడుగున నీళ్లలోకి దిగి ఉండే బరువైన రెక్క. పెద్ద పడవలకు సీసంతోనో ఇనుముతోనో చేస్తారు. గాలి పడవను ఒరగదోస్తే, ఈ బరువు లాగి మళ్లీ నిలబెడుతుంది. మా పెంబర్తి ఇత్తడిరేకు ముక్క సంచిలో ఉన్నది. దాన్ని పడవ అడుగున బిగించి, కొసకు ఒక బోల్టు తగిలించాను.

మరునాడు గణపసముద్రం గట్టున కూర్చుని సీతాఫలాలు తిన్నాము. నున్నటి గింజను రెండు వేళ్ల మధ్య నొక్కండి. చటుక్కున ముందుకు జారిపోతుంది. వేళ్లు నొక్కింది ప్రక్కలనుంచి, గింజ పోయింది ముందుకు! పడవకు ఒక వేలు గాలి, రెండో వేలు నీళ్లు. గాలి తెరచాపను ప్రక్కకు నెడుతుంది. కీల్ అడ్డంగా ఉండి ప్రక్కకు జరగనివ్వదు. పడవ ముందుకు జారుతుంది. నేరుగా గాలికి ఎదురు ఏ తెరచాప పడవా పోలేదు. కొంత ఈ వైపుకు, కొంత ఆ వైపుకు, గుట్ట ఎక్కే బాటలాగా మెలికలు తిరుగుతూ పోతుంది.

ఇటువంటి దూరప్రయాణపు పడవల లోపల ఇంకొక చిత్రం ఉన్నది. పొయ్యిని ఇరుసుల మీద మన ఉట్టిలాగా వేలాడదీస్తారు. పడవ ఎటు ఒరిగినా గిన్నె ఒలకదు. పడకలకు నిద్రలో దొర్లిపోకుండా అడ్డంగా గుడ్డ కడతారు. పసిఫిక్ మహాసముద్రంలో తారిణిని గంటకు నూరు కిలోమీటర్లు దాటిన గాలులు చుట్టుముట్టాయి. తిరుగుదారిలో చుక్కాని తిప్పే యంత్రభాగం చెడిపోయి మారిషస్‌లో ఆగవలసి వచ్చింది. బాగుచేసుకుని మళ్లీ బయలుదేరారు.

మా జానెడు పడవా బయలుదేరింది. తోకకు దారం కట్టి పట్టుకున్నాము. ఒరిగింది, లేచింది, గాలి మా ఎడమనుంచి కొడుతుంటే, కొంచెం గాలి వైపుకే ముక్కు పెట్టి దారం పొడుగునా సాగిపోయింది. పిల్లలు కేకలు వేశారు.

ఆనాటి నా విద్యార్థినీ, నీకిప్పుడు ఈ పత్రిక చదివే పిల్లలు ఉండవచ్చు. అమ్మా, గాలి ఎదురొచ్చినా పడవ పోతుంది.