మినీమ్యాప్ తీసేశాక

పొద్దున్నే వీఎస్ కోడ్‌లో కుడి పక్కనుండే మినీమ్యాప్ తీసేశాను. 200 లైన్ల ఫైలుకి అదెందుకు? కంట్రోల్ బీ నొక్కి సైడ్‌బార్ మూశాను. ఎడమ అంచునుండే యాక్టివిటీ బార్ కూడా దాచేశాను. ఫైలు కావాలంటే కంట్రోల్ పీ, పేరులో నాలుగక్షరాలు, అంతే. స్టేటస్ బార్ మాత్రం ఉంచుకున్నాను. ఏ గిట్ బ్రాంచ్‌లో ఉన్నానో కళ్లెదుట కనబడాలి నాకు.

అన్నీ ఒక్కసారే దాచాలంటే జెన్ మోడ్ ఉంది: కంట్రోల్ కే, వదిలేసి జెడ్. బయటికి రావాలంటే ఎస్కేప్ రెండుసార్లు.

నాది 14 అంగుళాల లాప్‌టాప్. ఇప్పుడు రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టినా లైన్లు విరగడం లేదు. పండక్కి సామాను సర్దాక వసారా ఎంత వెడల్పుగా కనిపిస్తుందో, అలా ఉంది! కొత్తగా నేర్చుకునే పిల్లలకి మాత్రం తొందరపడి దాచకండి. ఏది ఎక్కడుందో చేతికి అలవాటు కానివ్వండి.