బాండ్ చేతి తుపాకీ

1956లో జాఫ్రీ బూత్‌రాయిడ్ అనే తుపాకుల నిపుణుడు ఇయాన్ ఫ్లెమింగ్‌కు ఉత్తరం రాశాడు. జేమ్స్ బాండ్ చేతిలోని .25 బెరెట్టా ఆ వృత్తికి తగదన్నది అతని ఫిర్యాదు. అతడు సూచించినది స్మిత్ అండ్ వెసన్ వారి .38 సెంటెనియల్ ఎయిర్‌వెయిట్ అనే చిన్న రివాల్వర్. 1958 నాటి ‘డాక్టర్ నో’లో వాల్థర్ పీపీకేతో పాటు అదీ బాండ్‌కు దక్కింది, ఆయుధ నిపుణుడైన మేజర్‌కు బూత్‌రాయిడ్ పేరే పెట్టాడు ఫ్లెమింగ్.

ఆ అధ్యాయాన్ని ఇటీవల మళ్ళీ చదివాను. ఇక్కడి మిత్రుడొకరు ఇంటి రక్షణకని అటువంటి రివాల్వరే చూస్తూ, అందులో ప్లస్-పీ తూటాలు వాడవచ్చునా అని అడిగారు. .38 స్పెషల్ పీడన పరిమితి చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు; ప్లస్-పీకి 20,000; .357 మాగ్నమ్‌కు 35,000. 1935లో మాగ్నమ్ తూటాను పొడవుగా చేసింది పాత .38లలో ఇమడకూడదనే. ప్లస్-పీ పొడవు మాత్రం మామూలుదే. తగని తుపాకీలోనూ ఇమిడిపోతుంది. కాబట్టి తయారీదారు అనుమతే ప్రమాణం. పైగా తుపాకీ తేలికైనకొద్దీ వెనక్కి తన్నడం హెచ్చు. చెయ్యి నొచ్చితే సాధన మూలపడుతుంది.

ఇంతవరకూ బూత్‌రాయిడ్ చెప్పగలడు. రాత్రివేళ ఆ తుపాకీ ఎక్కడుంటుందన్న ప్రశ్న నవలలో రాదు. బాండ్ ఇంట పిల్లలు లేరు. మిత్రునింట పదహారేళ్ళ అబ్బాయి ఉన్నాడు. ఆ వయసులో ప్రాణాంతకమైన ఆవేశం ఒక్కోసారి నిమిషాలలో వచ్చి పోతుంది. ఆ నిమిషాలలో తుపాకీ అందకపోవడమే రక్ష. అందుకే వైద్యునిగా నేను ముందడిగినది తాళం సంగతి.

ఆయన ముందుగా ఇనుప పెట్టె కొన్నారు. తుపాకీ ఎంపిక ఇంకా సాగుతోంది.