నాటకం చదువు కాదా?

మేము చెంచులం. నల్లమల అంచున, దోర్నాల దగ్గరి గూడెంలో పుట్టి, మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్లం. టీటీసీ చదివి పంతుళ్లమయ్యాం.

నిరుడు ఇంటర్ పాసైన మా గూడెం పిల్ల, "సారూ, నేను నాటకం చదువుతా" అంది. "అదేం చదువమ్మా? డీఎడ్ చెయ్, కూడు పెడుతుంది" అన్నాం. తలొంచుకొని వెళ్లిపోయింది.

ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. చిన్నప్పుడు తిరునాళ్లలో చూసిన చెంచులక్ష్మి నాటకం గుర్తొచ్చింది. అహోబిలం నరసింహస్వామిని పెళ్లాడిన మా ఆడబిడ్డ కథ అది. 1943లో, 1958లో సినిమాగానూ వచ్చింది. ఆనాడు మేము చూసిన నాటకంలో వేషం కట్టినవాళ్లలో చెంచులు ఒక్కరూ లేరు. మా మాటను వంకర చేసి పలికితే జనం నవ్వారు. మేమూ నవ్వాం. ఆ నవ్వు మా మీదేనని అప్పుడు తెలియలేదు.

బడిలో పాఠాన్ని నాటకంగా ఆడిస్తే, ఏడాదంతా నోరు విప్పని పిల్లలు విప్పారు. అది చూసి కూడా ఆ పిల్లతో అలా అన్నాం.

తెల్లారి వాళ్లింటికి వెళ్లాం. "తప్పు మాదే తల్లీ. ముందు డిగ్రీ పూర్తి చెయ్యి, కాలేజీలో నాటకాలు ఆడు. ఆ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, 1959లో పెట్టిన ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది" అన్నాం.

"మన కథ మనమే ఆడాలి కదా సారూ" అంది.

పంతుళ్లారా, పిల్లలు అడిగినప్పుడు వెంటనే కాదనకండి.