మేము ‘సైకో’ చూసిన రాత్రి

భయానక చిత్రాలకు మేము దంపతులం మొదటి నుండి దూరమే. 1960లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ గురించి కళాశాల రోజుల నుండి వింటూ వచ్చాము గాని, చూసే సాహసం చేయలేదు. సంక్రాంతి సెలవులకు వచ్చిన మా అమ్మాయి, “అరవై ఏళ్ళు దాటిన నలుపు తెలుపు బొమ్మకు కూడా భయమేనా?” అని ఎగతాళి చేసి కూర్చోబెట్టింది.

కత్తి ఎప్పుడు కనబడుతుందా అని ఊపిరి బిగబట్టి కూర్చున్న మాకు ముందుగా కనబడినది నోట్ల కట్ట.

అమెరికాలోని ఫీనిక్స్ నగరం. ఒక శుక్రవారం మధ్యాహ్నం. ఇళ్ళు అమ్మిపెట్టే కార్యాలయంలో మారియన్ అనే ఉద్యోగిని. కూతురి పెళ్ళికి ఇల్లు కానుకగా ఇవ్వదలచిన ఒక ధనవంతుడు 40,000 డాలర్ల నగదు తెచ్చి ఆమె ముందు పెడతాడు. దానిని బ్యాంకులో భద్రపరచి రమ్మని యజమాని ఆమెకే అప్పగిస్తాడు. ఆమె మనసిచ్చిన వాడికి అప్పులున్నాయి. వారి పెళ్ళి ఆగిపోయి ఉన్నది. సొమ్ము బ్యాంకుకు చేరదు. మంచం మీద ఆ కవరు, పక్కన సగం సర్దిన పెట్టె. ఒక్క మాట లేదు. ఆమె బట్టలు మార్చుకుంటూ కవరు వంక చూస్తుంది. మేమూ చూశాము.

కార్యాలయపు నగదు ఇంట్లో ఉండడమంటే ఏమిటో మాకు తెలుసు. 1996లో ఒక నిర్మాణ స్థలంలో ఉద్యోగం చేస్తున్న రోజులవి. శనివారం కూలీల చెల్లింపులు చీకటి పడేదాకా సాగాయి. ఇనప్పెట్టె రెండవ తాళం చెవి ఉన్న అధికారి ఊళ్ళో లేరు. మిగిలిన 62,000 రూపాయలను, పై అధికారి అనుమతి వ్రాతపూర్వకంగా తీసుకుని, ఇంటికి తెచ్చి బియ్యం డబ్బాలో దాచాము. అదే నెలలో మా ఇంట పెళ్ళి. 25,000 తక్కువ పడి, ఎక్కడా అప్పు పుట్టని సమయం. ఆ రెండు రాత్రులూ మేము ఆ సొమ్ము గురించి ఒక్క మాటైనా అనుకోలేదు. సోమవారం ఉదయం లెక్క సరిచూసి జమ చేసి, రసీదు తీసుకున్నాము. ఆ తరువాత ఇన్నేళ్ళలోనూ ఆ ప్రస్తావన రాలేదు.

అందుకే కాబోలు, మారియన్ కారు ప్రయాణం మాకు ఊపిరాడనివ్వలేదు. కూడలిలో కారు ఆపితే ఎదురుగా రోడ్డు దాటుతూ యజమాని! దారిలో నల్ల కళ్ళద్దాల పోలీసు. భయపడి 700 డాలర్లు పోసి కారు మార్చుకుంటుంది. బెర్నార్డ్ హెర్మన్ ఈ చిత్రానికి కేవలం తంత్రీ వాద్యాలతోనే సంగీతం కూర్చారు. ఆ తీగలు మన నరాలేనేమో అనిపించక మానదు. వానలో దారి తప్పి చేరిన సత్రంలో, నార్మన్ అనే బిడియపు యువకుడితో మాట్లాడిన తరువాత ఆమె మనసు మారుతుంది. కాగితం మీద 40,000లో నుండి 700 తీసివేసి 39,300 అని వేసుకుంటుంది. ఆ కాగితం చింపి పారవేసి, తెల్లవారి తిరిగి వెళ్ళి తప్పు దిద్దుకోవాలన్న నిశ్చయంతో స్నానానికి వెళుతుంది.

తెర మీద నిమిషమైనా ఉండని ఆ స్నానపు గది ఘట్టాన్ని ఏడు రోజులు చిత్రీకరించారట. నెత్తురుగా కనబడేది చాక్లెట్ పాకమట. అమ్మాయి ఇవన్నీ ముందే చెప్పి ధైర్యం నింపింది. ఏమీ ఉపయోగపడలేదు. భయం తగ్గాక మాకు కోపం వచ్చింది. తిరిగి ఇచ్చివేస్తానన్న మనిషికా ఈ గతి? ఆ డబ్బు పాత వార్తాపత్రికలో చుట్టి ఉన్నది. అందులో ఏమున్నదో తెలియని నార్మన్ దానిని కారులోకి విసిరి, కారును బురద మడుగులోకి తోస్తాడు. సగం మునిగి కారు ఆగుతుంది. అయ్యో, మునిగితే బాగుండునే అని ఆ క్షణంలో మేమే అనుకున్నాము! అలా ఎందుకు అనుకున్నామో హిచ్‌కాక్ గారికే తెలియాలి.

తక్కిన కథ చెప్పము. ముగింపు బయటపెట్టవద్దని ఆనాడే ఆయన ప్రేక్షకులను కోరారు.

అమ్మాయి నిద్రపోయింది. దీపం ఆర్పిన చాలాసేపటికి మాలో ఒకరు అడిగారు:

“ఆ బియ్యం డబ్బా రాత్రులు... మీరు కూడా లెక్క వేశారా?”

“వేశాను. 62లో 25 పోతే 37.”

“నేనూ అంతే.”

కొంతసేపు మౌనం. తరువాత పెరటి తలుపు గడియ వేశామో లేదో చూడడానికి, ఇద్దరం కలిసే లేచి వెళ్ళాము.