పేరూ, గీతా

తుడిచివేయడం కూడా ఒక విద్యేనా అని మీరు నవ్వవచ్చు. పలక మీద గీసింది మోచేత్తో తుడిచేసిన వాళ్లమే కదా మనమంతా! కాని మన హైటెక్ సిటీలో ఈ విషయం మీద తలలు పట్టుకుని కూర్చునే వాళ్లున్నారు. మా మేనల్లుడు వారిలో ఒకడు. 1998లో సైబర్ టవర్స్ వెలసిన మాదాపూరులోనే వాడి ఉద్యోగం. వాడి చేతిలో పనిముట్టు మాట్లాబ్. 1984లో అమెరికాలో పుట్టిన మ్యాత్‌వర్క్స్ వారి సరుకు. లెక్కలు కట్టి, ఫలితాన్ని గీతలుగా తెరమీద చూపిస్తుంది.

"మామయ్యా, తెలుగు పాఠం చెప్పేవారు కనుక మీకిది ఇట్టే బోధపడుతుంది" అన్నాడు వాడు. "ప్రతి గీతకూ ఒక పేరు పెట్టుకుంటాం. 'క్లియర్' అంటే పేరు పోతుంది, గీత తెరమీదే ఉంటుంది. 'డిలీట్' అంటే గీత పోతుంది, పేరు మిగులుతుంది. ఆ ఉత్త పేరును పట్టుకుని రంగు మార్చమన్నామో, అలాంటిది లేదు పొమ్మని యంత్రం మొరాయిస్తుంది."

ఇదేమంత వింత? కుతుబ్‌షాహీల నాటి హయత్ బక్షీ బేగమును జనం మాసాహెబా అనేవారు. ఆమె పేరిట వెలసిన చెరువే మాసాబ్ ట్యాంకు. చెరువు ఎన్నడో మాయమైంది. పేరు మాత్రం బస్సు బోర్డు మీద నిక్షేపంగా ఉంది. బిందె పట్టుకుని వెళ్లిన వాడికే చిక్కు!

2014 వరకు ఇంకో ప్రమాదం కూడా ఉండేదట. అప్పట్లో బొమ్మను పట్టుకునే గుర్తు ఉత్త అంకె. ఒకటో బొమ్మను మూసి, కొత్తది తెరిస్తే దానికీ ఒకటే అంకె వచ్చేది. పాతదనుకుని తుడిస్తే కొత్తది కాస్తా ఎగిరిపోయేది. ఆ ఏడు వచ్చిన మార్పుతో గుర్తు అంకెగా కాక, ఆ ఒక్క బొమ్మకే కట్టిన తాడయింది.

ఈ అంకెల సంగతి మా ఇంట్లో అందరికీ అనుభవమే. నాన్నగారు పోయిన రెండో ఏట, ఒక సాయంత్రం అమ్మ ఆయన సెల్ నంబరుకు ఫోను చేసింది. ఎవరో కుర్రవాడు "హలో, ఎవరండీ?" అన్నాడు. వాడకం లేని నంబరును కొన్నాళ్లాగి మరొకరికి ఇవ్వడం మామూలే. అమ్మ ఫోను నా చేతికిచ్చి, "ఆ ఇంట్లో వేరేవాళ్లు దిగార్రా" అంది.

మరి క్షేమంగా తుడిచే దారేది? ముందు 'ఈజ్‌వ్యాలిడ్' అని అడగాలట. అంటే, "ఉన్నావా?" అని. ఉన్నానంటే తుడవాలి, ఆపైన పేరు తీసేయాలి. పెద్ద చట్రాన్ని తుడిస్తే లోపలి గీతలన్నీ దాంతోపాటే పోతాయి కనుక, వాటినీ పేరు పేరునా అడిగి చూసుకోవాలి.

మొన్న పండక్కి వచ్చినప్పుడు వాడు అమ్మ ఫోను తీసుకున్నాడు. అందులో నాన్నగారి నంబరు 'ఆయన' అన్న పేరు మీద ఉంది.

"అమ్మమ్మా, ఇది తీసేయనా?"

అమ్మ కాసేపు ఆలోచించింది.

"నంబరు తీసెయ్యరా. పాపం, ఆ అబ్బాయిని మళ్లీ విసిగిస్తానేమో. పేరు మాత్రం ఉండనీ."