వజ్రాలున్న గోపురం

పిల్లలూ! జర్మనీ దేశంలో, బవేరియా రాష్ట్రంలో, నోర్డ్‌లింగెన్ అనే చిన్న పట్టణం ఉన్నది. దాని చుట్టూ గుండ్రని కోటగోడ. 1327లో మొదలుపెట్టిన ఆ గోడ నేటికీ నిలిచి ఉన్నది. పెంకుల కప్పు కింద గోడమీదనే సుమారు 2.7 కిలోమీటర్లు నడిస్తే, బయలుదేరిన చోటికే తిరిగి వస్తాం.

ఊరి నడుమ సెయింట్ జార్జి చర్చి. దాని గోపురం ఎత్తు 90 మీటర్లు. ఊరివారు దానిని ముద్దుగా ‘డానియేల్’ అంటారు. మెట్లు సుమారు 350! నేను రిటైరైన మాస్టరును కదా, గోడకు చేయి ఆనించి, ఆగి ఆగి ఎక్కాను. పైనుంచి చూస్తే ఎర్రపెంకుల ఇళ్ళు, గుండ్రని గోడ, ఆవల చదునైన పొలాలు, దూరాన వలయంగా కొండలు.

ఆ వలయం ఎలా ఏర్పడింది? అది చల్లారిన అగ్నిపర్వతమని పూర్వం చాలామంది శాస్త్రజ్ఞులు అనుకునేవారు. 1960లో యూజీన్ షూమేకర్, ఎడ్వర్డ్ చావో అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు రాతిని పరీక్షించారు. అందులో కోయసైట్ అనే ఖనిజం దొరికింది. ఇసుకలో ఉండే సిలికాయే విపరీతమైన ఒత్తిడికి లోనైతే కోయసైట్ అవుతుంది. నేలపైన పేలే అగ్నిపర్వతం అంత ఒత్తిడి పుట్టించలేదు. మరి పుట్టించినదేది? ఆకాశం నుంచి పడిన పెద్ద శిల! సుమారు కోటిన్నర సంవత్సరాల క్రితం అది పడి, దాదాపు 24 కిలోమీటర్ల వెడల్పున గుంట చేసింది.

ఇక్కడ పొరబడకండి! కోటగోడ గుంట అంచు కాదు; అది మనుషులు కట్టినది. గుంట అంచు ఆ దూరపు కొండలే. ఊరంతా గుంట లోపలే ఉన్నది.

ఆ దెబ్బకు ఏర్పడిన రాయి పేరు స్యూవైట్. నేలలోని గ్రాఫైట్ ఆ దెబ్బకే వజ్రాలైంది. వాటిని చూడాలంటే సూక్ష్మదర్శిని కావాలి. 1970లో, చంద్రుడి మీదికి వెళ్ళబోయే అపోలో–14 వ్యోమగాములు ఇటువంటి రాళ్ళను గుర్తుపట్టడం ఇక్కడికి వచ్చి నేర్చుకున్నారు.

ఈ సంగతులు విన్నాక గోపురం వంక మళ్ళీ చూశాను. అది కట్టినది స్యూవైట్ రాతితోనే! నేను ఆయాసపడుతూ చేయి ఆనించినది వజ్రాలున్న గోడకు. వందల ఏళ్ళుగా జనం రోజూ తాకిన రాతిలోనే సాక్ష్యం ఉన్నది. అడిగిన వారికి అది జవాబు చెప్పింది.

మీ ఊరి గుడి ఏ రాతితో కట్టారు? ఆ రాయి ఎక్కడిది? రేపు వెళ్ళి చూడండి. తెలియకపోతే మీ మాస్టరుగారిని అడగండి. ఆయనకూ తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి!